సోర్స్ కోడ్ నుంచి సొంత ఆపరేటింగ్ సిస్టమ్: ‘సెరెనిటీ’ని ఇంటి ల్యాప్‌టాప్‌లో నడిపించడం ఎలా?

గుంటూరులో మా ఖాలా ఇంటికి వెళ్లినప్పుడల్లా ఈ మధ్య ఒకటే ఫిర్యాదు. “నీ తమ్ముడు రాత్రంతా నల్ల స్క్రీన్ ముందే కూర్చుంటున్నాడు బేటా. తెల్ల అక్షరాలు పైకి పోతుంటాయి, వీడు చూస్తుంటాడు. నువ్వైనా చెప్పు.” ఖాలూ మాట ఇంకాస్త గట్టిది. ఆయనది టూవీలర్ మెకానిక్ షెడ్. “రెండు సబ్జెక్టులు తప్పాడు. ల్యాప్‌టాప్ అమ్మేసి షెడ్‌లో కూర్చోబెడతా” అన్నారు.

మావాడు చదివేది బీఎస్సీ కంప్యూటర్స్. తప్పిన రెండింట్లో ఒకటి ఆపరేటింగ్ సిస్టమ్స్. నోట్సంతా బట్టీ పట్టాడు. ప్రశ్న కాస్త తిప్పి అడిగేసరికి పేపర్ ఖాళీగా ఇచ్చి వచ్చాడు. ఆ తర్వాత, అసలు ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌ను సోర్స్ కోడ్ నుంచి తయారు చేసి చూస్తానని పట్టుబట్టాడు. నేను చదివింది బీకాం. నచ్చజెప్పి మాన్పిద్దామనే వెళ్లాను. రెండు రాత్రులు వాడి పక్కన కూర్చున్నాక మాన్పించాలనిపించలేదు. మన ఇళ్లలో ఇలాంటి పిల్లలు ఇంకా ఉంటారు, వాళ్లు చేసేదేంటో తెలియక కంగారుపడే తల్లిదండ్రులూ ఉంటారు. ఇద్దరి కోసం, నాకు అర్థమైనంత మేరకు, ఇది రాస్తున్నాను.

ముందు, ఆపరేటింగ్ సిస్టమ్ అంటే?

వలీమా రోజు వంటశాల గుర్తు తెచ్చుకోండి. పొయ్యిలు కొన్నే, దేగ్‌లు చాలా. ఏ దేగ్ ఎప్పుడు పొయ్యి ఎక్కాలి, ఎప్పుడు దిగాలి, ఏ సామాను ఎవరికి ఎంత ఇవ్వాలి అన్నది పెద్ద బావర్చీ చూసుకుంటాడు. ఆయన లేకపోతే అందరూ ఒకే పొయ్యి మీద పడతారు. కంప్యూటర్‌లో ఆ బావర్చీయే ఆపరేటింగ్ సిస్టమ్. అందులో గుండెకాయలాంటి భాగాన్ని కెర్నల్ అంటారు. ప్రాసెసర్‌ను ఏ ప్రోగ్రామ్‌కు ఎంతసేపు ఇవ్వాలి, మెమరీలో ఎవరి వాటా ఎంత, డిస్క్‌లో ఏ ఫైలు ఎక్కడుంది, ఈ లెక్కలన్నీ దానివే. విండోస్, ఆండ్రాయిడ్ ఇవన్నీ ఆ పనే చేస్తాయి.

మరి సోర్స్ కోడ్? ఇది మా కామర్స్ వాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. కంపెనీ మీ చేతికి బ్యాలెన్స్ షీట్ ఇస్తుంది. చివరి అంకెలు కనిపిస్తాయి గానీ ఎలా వచ్చాయో కనిపించదు. ఆడిటర్ మాత్రం వోచర్లు, లెడ్జర్లు అడుగుతాడు. మనం కొనే సాఫ్ట్‌వేర్ చాలావరకు బ్యాలెన్స్ షీట్ లాంటిది, తయారైన సరుకు. సోర్స్ కోడ్ అంటే వోచర్ల కట్ట: మనిషి చదవగలిగే భాషలో రాసిన అసలు ఆదేశాలు. వాటిని ప్రాసెసర్‌కు అర్థమయ్యే అంకెల భాషలోకి మార్చేది కంపైలర్. ఈ మార్చే పనంతటినీ కలిపి బిల్డ్ చేయడం అంటారు. వోచర్లన్నీ అందరి ముందూ పెట్టేసి, చదవండి, మార్చుకోండి, వాడుకోండి అంటే అది ఓపెన్ సోర్స్.

సెరెనిటీ వెనక ఉన్న మనిషి

మావాడు ఎంచుకున్నది సెరెనిటీ ఓఎస్. దీన్ని మొదలుపెట్టింది స్వీడన్‌కు చెందిన ఆండ్రియాస్ క్లింగ్. అంతకుముందు నోకియాలో, ఆపిల్‌లో వెబ్ బ్రౌజర్ల మీద పనిచేసిన ప్రోగ్రామర్. మత్తు పదార్థాల వ్యసనంలో చిక్కుకుని, 2018లో పునరావాస చికిత్స పూర్తి చేసుకుని బయటికొచ్చారు. ఇది ఆయనే దాచకుండా చెప్పిన విషయం. బయటికొచ్చాక చేతినిండా ఖాళీ సమయం, దాన్ని దేనితో నింపాలో తెలియదు. చిన్నప్పటి నుంచి ఇష్టమైన పని ప్రోగ్రామింగ్. రోజూ కొంచెం కొంచెంగా ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాయడం మొదలుపెట్టారు. వ్యసనం నుంచి కోలుకునేవాళ్లు ప్రశాంతత కోరుతూ చదివే ఒక ప్రార్థన ఉంది. ఆ ప్రార్థన పేరులోని మాటనే దీనికి పెట్టుకున్నారు. సెరెనిటీ, మన మాటల్లో చెప్పాలంటే సుకూన్.

మన ఇళ్లలో ఇలాంటి విషయం బయటికి రానివ్వం. చికిత్స అయిపోతే అంతా అయిపోయిందనుకుంటాం. ఆ తర్వాత వచ్చే ఖాళీ రోజుల సంగతి పెద్దగా ఆలోచించం. ఆ ఖాళీ రోజుల్లో పుట్టిందే ఈ సిస్టమ్. తర్వాత్తర్వాత వెయ్యి మందికి పైగా ప్రోగ్రామర్లు ఇందులో చేయి వేశారు. 2021లో క్లింగ్ ఉద్యోగం మానేసి, ఇష్టపడి ఇచ్చేవాళ్ల విరాళాల మీద పూర్తికాలం దీనిమీదే పనిచేశారు. ఇందులోనే పుట్టిన లేడీబర్డ్ అనే బ్రౌజర్ 2024 జూన్‌లో విడిగా వెళ్లింది, క్లింగ్ దానితో పాటే వెళ్లారు. గిట్‌హబ్ సహ వ్యవస్థాపకుల్లో ఒకరైన క్రిస్ వాన్‌స్ట్రాత్‌తో కలిసి లేడీబర్డ్ కోసం లాభాపేక్ష లేని సంస్థ పెట్టారు. సెరెనిటీని మిగతా వాలంటీర్లు కొనసాగిస్తున్నారు.

చూడ్డానికి సెరెనిటీ 1990ల నాటి విండోస్‌లా ఉంటుంది: బూడిదరంగు బటన్లు, కింద టాస్క్‌బార్. లోపల మాత్రం యూనిక్స్ పద్ధతి. దీని ప్రత్యేకత ఏంటంటే, కెర్నల్ నుంచి కాలిక్యులేటర్ దాకా దాదాపు అంతా వాళ్లే మొదటి నుంచి రాసుకున్నారు. భాష సీ ప్లస్ ప్లస్. అందుకే విద్యార్థికి ఇది మంచి బడి. పైన బటన్ నొక్కితే లోపల ఏ వరుస కదిలిందో ఒకే చోట వెతుక్కోవచ్చు.

తయారైన కాపీ ఎందుకు దొరకదు?

“డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోవచ్చు కదా?” నేను అడిగిన మొదటి ప్రశ్న ఇదే. కుదరదు. ఈ ప్రాజెక్టు వాళ్లు ఇన్‌స్టాల్ చేసుకునే రెడీమేడ్ ఫైలు ఇవ్వరు. కావాలంటే సోర్స్ తెచ్చుకుని నువ్వే బిల్డ్ చేసుకో అంటారు. ఇది రోజువారీ వాడకానికి చేసిన సిస్టమ్ కాదు, ఇష్టంతో కట్టుకునేవాళ్లది. తయారు చేయడం వచ్చినవాడికి పాడైతే బాగుచేయడమూ వస్తుందని లెక్క.

ఏమేం కావాలి?

ఒక ముఖ్యమైన మాట ముందే చెప్పాలి. దీన్ని ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క ల్యాప్‌టాప్ మీద విండోస్ తీసేసి ఎక్కించొద్దు. అవసరం కూడా లేదు. క్యూఈఎంయూ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. ఫ్రాన్స్‌కు చెందిన ఫాబ్రిస్ బెలార్డ్ 2003లో బయటికి తెచ్చారు. అది మన కంప్యూటర్‌లోనే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ను సృష్టిస్తుంది. సెరెనిటీ ఆ కిటికీలోనే నడుస్తుంది. కూలిపోతే ఆ కిటికీ మూసేస్తే చాలు, మన ఫైళ్లకు ఏమీ కాదు.

బిల్డ్ చేయడానికి లినక్స్ ఉంటే సుఖం. విండోస్ ఉన్నవాళ్లు అందులోనే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్ఎల్ 2 సదుపాయం వాడుకోవచ్చు. మావాడి పాత ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్. డిస్క్‌లో 30 జీబీ దాకా ఖాళీ చేసి పెట్టుకున్నాడు. ఇంటర్నెట్ కూడా కాస్త గట్టిగానే ఖర్చవుతుంది, కాబట్టి మొబైల్ డేటా కంటే వైఫై నయం. ఇవి తప్ప కొనాల్సిందేమీ లేదు.

తయారీ దశలు

మొదటి దశ, పనిముట్లు. కంపైలర్, సీమేక్, నింజా, గిట్, క్యూఈఎంయూ లాంటివి లినక్స్‌లో ముందు ఎక్కించుకోవాలి. ఏవేవి కావాలో ప్రాజెక్టుతో వచ్చే సూచనల ఫైలులో వరుసగా ఉంటుంది. ఆ ఫైలు చదవకుండా దూకినవాడే ఎక్కువ ఇరుక్కుంటాడు. మావాడూ అంతే. ఒక ప్యాకేజీ మర్చిపోయి గంట పోగొట్టుకున్నాడు.

రెండో దశ, సోర్స్ తెచ్చుకోవడం. గిట్ క్లోన్ అనే ఒక్క ఆదేశంతో మొత్తం కోడ్ మన డిస్క్‌లోకి వస్తుంది.

మూడో దశ, బిల్డ్. మెటా అనే ఫోల్డర్‌లో సెరెనిటీ పేరుతో ఒక స్క్రిప్ట్ ఉంటుంది. దానికి ‘రన్’ అని చెబితే మిగతా పనులన్నీ అదే వరుసగా చేసుకుపోతుంది. ఖాలా చూసిన తెల్ల అక్షరాలు అవే.

అయితే ఆ స్క్రిప్ట్ ముందు సెరెనిటీని కాకుండా ఒక కంపైలర్‌ను తయారు చేయడం మొదలుపెడుతుంది. ఇక్కడే నాకు తల తిరిగింది. లినక్స్‌లో కంపైలర్ ఉంది కదా, మళ్లీ ఎందుకు? మావాడు వాళ్ల అబ్బా భాషలోనే చెప్పాడు. “భాయ్, కొత్త మోడల్ బండి వస్తే పాత పుల్లర్ పట్టదు. అబ్బా ముందు దానికి సరిపడే పుల్లర్ చేయించుకుంటాడు, ఆ తర్వాతే ఇంజన్ ముట్టుకుంటాడు.” లినక్స్‌లో ఉన్న కంపైలర్ లినక్స్ కోసమే ప్రోగ్రామ్‌లు తయారు చేస్తుంది. వాటికి లినక్స్ కెర్నల్, లినక్స్ లైబ్రరీలు కావాలి. సెరెనిటీకి అవి రెండూ వేరు. అందుకని లినక్స్ మీద కూర్చుని సెరెనిటీ కోసం సరుకు తీసే ప్రత్యేక కంపైలర్ ముందు కావాలి. దీన్నే క్రాస్ కంపైలర్ అంటారు. జీసీసీ అనే పేరున్న కంపైలర్ సోర్స్ తెచ్చి, సెరెనిటీకి తగ్గట్టు మార్పులు చేసి బిల్డ్ చేస్తారు.

ఇది చాలాసేపు పడుతుంది. ఇషా తర్వాత మొదలుపెట్టాం. అర్ధరాత్రి దాటాక ఆగిపోయింది. ‘కిల్డ్’ అన్న ఒక్క మాట తప్ప ఏమీ లేదు. మెమరీ చాలకపోతే లినక్స్ తానే ఒక ప్రోగ్రామ్‌ను చంపి మిగతావాటిని కాపాడుతుందని అప్పుడే తెలిసింది. బిల్డ్ మామూలుగా ప్రాసెసర్‌లో ఉన్న కోర్లన్నిటికీ ఒకేసారి పని చెబుతుంది. ఒక్కో పనికి ర్యామ్ కావాలి. ఒకేసారి చేసే పనుల సంఖ్య రెండుకు తగ్గించాం. నెమ్మదిగా నడిచింది గానీ మళ్లీ ఆగలేదు. మావాడు నవ్వి, “పరీక్షలో తప్పింది ఈ ప్రశ్నే భాయ్. మెమరీ నిండిపోతే ఓఎస్ ఏం చేస్తుంది అని అడిగారు” అన్నాడు.

కంపైలర్ తయారయ్యాక అసలు సెరెనిటీ వంతు. లక్షల వరుసల కోడ్ ఒక్కో ఫైలుగా కంపైల్ అవుతుంది. చివర్లో కెర్నల్, ప్రోగ్రామ్‌లు, ఫాంట్లు, బొమ్మలు అన్నీ కలిపి ఒకే పెద్ద ఫైలుగా పేరుస్తుంది. క్యూఈఎంయూ ఆ ఫైలునే హార్డ్ డిస్క్ అనుకుంటుంది. అందుకే దాన్ని డిస్క్ ఇమేజ్ అంటారు.

కిటికీ తెరుచుకున్నాక

రెండో రాత్రి ఫజ్ర్‌కు కాస్త ముందు కిటికీ తెరుచుకుంది. ముందు కెర్నల్ లేచి మెమరీని పంచుకుంటుంది, డిస్క్‌ను తెరుస్తుంది. తర్వాత సిస్టమ్ సర్వర్ అనే మొదటి ప్రోగ్రామ్‌ను లేపుతుంది. అది మిగతావాటిని లేపుతుంది. వాటిలో విండో సర్వర్ తెర మీద బొమ్మ గీస్తుంది. పుస్తకంలో ‘బూటింగ్’ అని నాలుగు వరుసల్లో ఉన్నది ఇదే. టెర్మినల్, ఫైల్ మేనేజర్, చెస్, పాముల ఆట, అన్నీ ఉన్నాయి.

కానీ మౌస్ కదిలిస్తే బాణం నత్తలా పాకుతోంది. కారణం మావాడే వెతికాడు. ప్రాసెసర్‌లో వర్చువలైజేషన్ అనే సదుపాయం ఉంటుంది. అది లేకపోతే క్యూఈఎంయూ ప్రతి ఆదేశాన్నీ సాఫ్ట్‌వేర్‌తోనే అనువదించి నడపాలి. చాలా ల్యాప్‌టాప్‌ల్లో దాన్ని బయోస్ సెట్టింగ్స్‌లో ఆపి ఉంచుతారు. దాన్ని ఆన్ చేసి, లినక్స్‌లోని కేవీఎం ద్వారా నడిపిస్తే పరుగెత్తింది.

అసలు చదువు ఇక్కడ మొదలు

నడిపించి చూసి మురిసిపోతే ఆటబొమ్మ. మార్చి చూస్తే చదువు. మావాడు చేసిన మొదటి మార్పు చాలా చిన్నది. కాలిక్యులేటర్ కోడ్‌లో కిటికీ పేరు ఉన్న వరుస వెతికి, దాన్ని ‘హిసాబ్’ అని ఇంగ్లీష్ అక్షరాల్లో మార్చాడు. మళ్లీ బిల్డ్ చేస్తే గంటలు పట్టలేదు. కాసేపట్లోనే అయింది. ఎందుకంటే నింజా ఏ ఫైలు మారిందో చూసి దానితో సంబంధం ఉన్నవే మళ్లీ కడుతుంది. ఒక వోచర్ దిద్దితే అది తగిలే ఖాతాలే మళ్లీ కూడతాం గానీ, ఏడాది పుస్తకాలన్నీ తిరగరాయం కదా. అలాగే.

రెండోది నాకు బాగా నచ్చింది. సెరెనిటీలో చాలా ప్రోగ్రామ్‌లు మొదలవగానే కెర్నల్‌కు ఒక మాట ఇస్తాయి: “నేను ఈ పనులే చేస్తాను, వేరేవి చేయను” అని. ఓపెన్ బీఎస్‌డీ అనే సిస్టమ్ నుంచి తీసుకున్న పద్ధతి ఇది. పేరు ప్లెడ్జ్. మనం వాదా అనుకోవచ్చు. కాలిక్యులేటర్ ఇచ్చే వాదాలో ఫైలు రాయడం ఉండదు. మావాడు కావాలనే అందులో ఒక ఫైలు రాసే వరుస చేర్చాడు. బిల్డ్ చేసి తెరిస్తే, కెర్నల్ కాలిక్యులేటర్‌ను అక్కడికక్కడే ఆపేసింది. మాట తప్పావు అని కారణం కూడా రాసిపెట్టింది. హ్యాకర్ ఒక ప్రోగ్రామ్‌లోకి దూరినా, ఆ ప్రోగ్రామ్ ముందే ఇచ్చిన వాదా దాటి ఏమీ చేయలేడన్నది దీని వెనక ఆలోచన. మన ఫోన్‌లో టార్చ్ యాప్ కాంటాక్ట్‌లు అడిగితే ఎందుకు అనుమానపడాలో ఇంతకంటే తేలిగ్గా ఎవరూ నాకు చెప్పలేదు.

మనకూ దీనికీ సంబంధం ఏంటి?

ఆండ్రాయిడ్ ఫోన్ అడుగున ఉన్న లినక్స్ కూడా 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి సరదాకి మొదలుపెట్టిందే. ఇంకో సంగతి. మీరు ఆండ్రాయిడ్‌లో తెలుగు చదువుతుంటే ఒత్తు సరిగ్గా అక్షరం కిందకి వచ్చేలా, ఉర్దూ చదువుతుంటే హర్ఫ్‌లు ఒకదానికొకటి అతుక్కునేలా చేసేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్. ఇరాన్‌లో పుట్టిన బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్ దీని ముఖ్య రచయిత. పేరులో ఉన్నది మనకు తెలిసిన మాటే: ఫార్సీలో హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచినది. సెరెనిటీ నుంచి విడిపోయిన లేడీబర్డ్ కూడా ఇప్పుడు దీన్నే వాడుతోంది. ఎక్కడో ఒకరు తెరిచి పెట్టిన కోడ్ మీదే మన రెండు భాషలూ ఫోన్‌లో నిలబడ్డాయి. ఇలాంటి పనిలో చేరడానికి కాలేజీ పేరు అడగరు, పంపిన కోడ్ సరిగ్గా ఉందా అనే చూస్తారు.

పిల్లలకు, పెద్దలకు

సీ భాష కూడా రానివాళ్లు నేరుగా సెరెనిటీకి రావద్దు. అమెరికాలోని ఎంఐటీలో పాఠం చెప్పడానికి 2006లో తయారు చేసిన ఎక్స్‌వీ6 అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. కోడ్ తక్కువ, దాన్ని వివరించే పుస్తకం ఉచితం, అదీ క్యూఈఎంయూలోనే నడుస్తుంది. సిలబస్‌లోని పేజింగ్, షెడ్యూలింగ్, సిస్టమ్ కాల్స్ అన్నీ అందులో వరుసగా దొరుకుతాయి. బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లకు అదే ముందు మెట్టు. ఎర్రర్ వస్తే చివరి వరుస కాకుండా మొదటి ఎర్రర్ చదవండి. ఎలా సరిచేశారో నోట్‌బుక్‌లో రాసుకోండి. రాత్రంతా మేలుకోవడం మాత్రం వద్దు. బిల్డ్ దానంతట అది నడుస్తుంది, పక్కన కాపలా అక్కర్లేదు.

పెద్దలకు ఒక మాట. నల్ల స్క్రీన్ కనబడగానే వాడు చెడిపోతున్నాడని గానీ, గొప్ప ఇంజనీర్ అయిపోతాడని గానీ అనుకోవద్దు. “ఈ రోజు ఏం మార్చావు, ఏం పాడైంది, ఎలా సరిచేశావు?” అని అడగండి. జవాబు చెప్పగలిగితే వాడు పని చేస్తున్నట్టే. ఇది ఉద్యోగానికి గ్యారంటీ కాదు, డిగ్రీకి బదులూ కాదు. మావాడికి రెండో బ్యాక్‌లాగ్ స్టాటిస్టిక్స్. దానికి సెరెనిటీ ఏమీ చేయలేదు, ఆ లెక్కలు కూర్చుని చేసుకోవాల్సిందే అని వాడికీ చెప్పాను.

ఆ రోజు ఖాలూ ఫజ్ర్ చదువుకుని వచ్చి మా వెనక నిలబడ్డారు. స్క్రీన్ మీద ‘హిసాబ్’ అని ఉన్న కిటికీ చూశారు.

“ఇది నువ్వు చేసిందా?”

“మొత్తం నేను చేయలేదు అబ్బా. విప్పి, పేరు మార్చి, మళ్లీ బిగించా.”

ఖాలూ కాసేపు చూసి, “బోల్టులేమైనా మిగిలాయా?” అన్నారు. షెడ్‌లో కొత్త కుర్రాళ్లను ఆయన అడిగే ప్రశ్న అది. మావాడు వెంటనే కాలిక్యులేటర్‌లో కూడికలు, తీసివేతలు ఒక్కొక్కటే నొక్కి చూపించాడు. ల్యాప్‌టాప్ అమ్మే మాట ఆ తర్వాత రాలేదు. పరీక్ష వచ్చే నెల.